రాహుల్ సాంకృత్యాయన్: లాసా నుంచి పట్నా మ్యూజియం దాకా



మనోళ్లు బుద్ధగయ, రాజగిరి, నలందా యాత్రకి బయల్దేరితే పట్నాలో రైలు దిగడం, సాయంత్రం దాకా ఇంకో బండి కోసం చూడటం మామూలే. ఆ కాసేపు స్టేషన్‌లో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకుంటాం. దగ్గర్లోనే బుద్ధ మార్గ్ అనే రోడ్డు మీద పాత మ్యూజియం ఉంది. అక్కడివాళ్లు జాదూఘర్ అంటారు. ఈ మధ్య అందులో మరమ్మతులు, మార్పులు జరుగుతున్నాయి, వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. టిబెట్ నుంచి వచ్చిన బుద్ధుడి పటాలు ఆ మ్యూజియం సొత్తు. వాటిని తెచ్చినవాడు ఏ ప్రభుత్వమో పంపితే వెళ్లినవాడు కాదు. బిచ్చగాడి వేషం వేసుకుని, చంకలో మూటతో హిమాలయాలు దాటినవాడు. ఈ పుస్తకంలో ఆయన గురించి చెప్పుకుందాం.

ఆయన 1893 ఏప్రిల్ 9న ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లా పందహా అనే ఊళ్లో, అమ్మమ్మగారింట్లో పుట్టాడు. పెట్టిన పేరు కేదార్‌నాథ్ పాండే. అవును, బ్రాహ్మణ ఇల్లే. మన పుస్తకాల్లో బ్రాహ్మణుడి జీవితం ఎందుకని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. పుట్టిన ఇంటిని ఆయన ఎలా దాటుకుంటూ పోయాడో చదివాక ఎవరికి వాళ్లే తేల్చుకోవచ్చు.

తాత సైన్యంలో పనిచేసి దక్కన్ తిరిగొచ్చిన మనిషి. రాత్రిళ్లు మనవడికి ఆ ఊళ్ల ముచ్చట్లు చెప్పేవాడు. బడిలో ఉర్దూ వాచకంలో లోకం తిరగమని చెప్పే రెండు పాదాల పద్యం ఒకటి ఉండేదట. తాత కథలు, ఆ పద్యం కలిసి పిల్లాడి కాళ్లకి చక్రాలు కట్టాయి. చిన్నప్పుడే పెళ్లి చేశారు. ఆ పెళ్లిని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు, ఇల్లు వదిలి కలకత్తా పారిపోయాడు. మరి ఆ అమ్మాయి? ఆమె ఆ ఇంట్లోనే ఉండిపోయింది. యాభై ఏళ్లు నిండేదాకా ఆజంగఢ్ గడ్డ తొక్కనని ఒట్టు పెట్టుకున్న ఆయన 1943లో తిరిగొచ్చేసరికి ఆమె యౌవనమంతా గడిచిపోయింది. బాల్య వివాహం తప్పు ఆయనది కాదు, నిజమే. కానీ మగవాడికి పారిపోవడానికి లోకమంతా ఉంది, ఆమెకి లేదు. ఆయన్ని ఎంత మెచ్చుకున్నా ఈ మాట దాచకూడదు.

తర్వాతి పదిహేనేళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. బీహార్‌లో పర్సా వైష్ణవ మఠంలో సాధువయ్యాడు, రాముదార్ దాస్ అయ్యాడు. తమిళదేశంలో తిరుమిశి మఠం దాకా వచ్చాడు. మఠాల్లో ఆస్తి తగాదాలు, విగ్రహాల వ్యాపారం చూసి విసుగెత్తి ఆర్యసమాజంలోకి పోయాడు. ఆగ్రాలో, లాహోర్‌లో చదివాడు. అక్కడా వేదం దగ్గర ప్రశ్న ఆగిపోయింది. సహాయ నిరాకరణ రోజుల్లో కాంగ్రెస్‌లో పనిచేసి బక్సర్, హజారీబాగ్ జైళ్లలో ఉన్నాడు. ఇలా ఒక్కో గూడు కట్టుకోవడం, ఒక్కో గూడు వదిలేయడం.

1927లో సింహళం వెళ్లాడు. కొలంబో దగ్గర కెలనియాలో విద్యాలంకార పరివేణ అనే భిక్షువుల విద్యాలయం ఉంది. వాళ్లకి సంస్కృతం చెప్పేవాళ్లు కావాలి, ఈయనకి పాళీ నేర్పేవాళ్లు కావాలి. పగలు సంస్కృతం చెప్పడం, మిగిలిన వేళంతా త్రిపిటకం చదవడం. కొద్దికాలంలోనే త్రిపిటకాచార్య బిరుదు ఇచ్చారు. ప్రశ్నించడాన్ని తప్పనని గురువు అక్కడ దొరికాడు. వేదం చెప్పింది కాబట్టి నమ్మమనే మాట బుద్ధుడి దగ్గర లేదని ఆయన గ్రహించింది ఆ రోజుల్లోనే.

చదివేకొద్దీ ఒక లోటు కనపడింది. పాళీలో ఉన్నది ఉంది. కానీ నాగార్జునుడు, అసంగుడు, వసుబంధు, దిఙ్నాగుడు, ధర్మకీర్తి సంస్కృతంలో రాసిన గ్రంథాల్లో చాలా భాగం మన దేశంలో ఒక్క ఆకు కూడా మిగల్లేదు. నాగార్జునుడి పేరు మన కృష్ణాతీరంతో ముడిపడింది. దిఙ్నాగుడు మన వేంగి పరిసరాల్లో ఉన్నాడని చైనా యాత్రికుడు హ్యూయాన్ త్సాంగ్ రాశాడు. వాళ్ల పుస్తకాలు వాళ్ల నేల మీద లేవు. ఎక్కడున్నాయంటే టిబెట్ భాషలో, చైనా భాషలో, అనువాదాలుగా ఉన్నాయి. నలందా, విక్రమశిల కూలిపోయే రోజుల్లో ఆచార్యులు కొందరు తాళపత్రాలు పట్టుకుని ఉత్తరానికి వెళ్లారు. విక్రమశిల చివరి పెద్ద ఆచార్యుడు శాక్యశ్రీభద్రుడు 1204లో టిబెట్ చేరి దాదాపు పదేళ్లు ఉన్నాడు. ఆ కట్టలు ఇంకా అక్కడే ఏదో విహారంలో ఉండి ఉండాలి కదా? ఈ ఊహ ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

అప్పట్లో టిబెట్ వెళ్లాలంటే బ్రిటిష్ వాళ్ల అనుమతి కావాలి. జైలుకి పోయొచ్చిన మనిషికి ఇస్తారా? 1929లో శివరాత్రి జాతరకి నేపాల్ సరిహద్దు తెరిచినప్పుడు పశుపతినాథ్ యాత్రికుల్లో కలిసిపోయి లోపలికి వెళ్లాడు. అక్కడ కొన్నాళ్లు దాక్కుని, టిబెటన్ దుస్తులు వేసుకుని, సుమతి అని తాను పిలుచుకున్న ఒక మంగోల్ భిక్షువు వెంట నడిచాడు. పదహారు పదిహేడు వేల అడుగుల ఎత్తున కనుమ. దొంగలు ముందు చంపి తర్వాత జేబులు వెతుకుతారని పేరు. అలాంటివాళ్లు ఎదురుపడితే ఈయన టోపీ తీసి, నాలుక బయటపెట్టి, పైసా అడుక్కునేవాడు. బిచ్చగాణ్ని ఎవడు చంపుతాడు?

ఆ ప్రయాణంలో ఆయన రాసుకున్న ఒక సంగతి మనకి ముఖ్యం. టిబెట్‌లో దారి కష్టాలు చాలా ఉన్నాయి గానీ కులం, అంటరానితనం లేవని, ఆడవాళ్లకి పరదా లేదని రాశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి కూడా ఇంటి లోపలి దాకా వెళ్లొచ్చు. తన టీ ఆకు ఇంటావిడ చేతికిస్తే వెన్న, ఉప్పు వేసి కాచి ఇస్తుంది. మన ఊళ్లో వేరే గ్లాసు చూసినవాళ్లకి ఈ వాక్యం విలువ వేరే చెప్పక్కర్లేదు. అలాగని టిబెట్ స్వర్గమని ఆయన అనలేదు. భూమి జాగీర్దార్ల చేతుల్లో ఉందని, అందులో పెద్ద వాటా మఠాలదేనని, రైతుల చేత వెట్టి చేయిస్తారని కూడా రాశాడు. బౌద్ధం పేరు పెట్టుకున్నంత మాత్రాన వెట్టి మంచిదైపోదు.

దారిలో శేకర్ విహారంలో చేత్తో రాసిన కంజుర్ చూశాడు. కంజుర్ అంటే టిబెట్ భాషలో బుద్ధవచనం మొత్తం. 103 సంపుటాలు. దళసరి కాగితం, పెద్ద అక్షరాలు, ఒక్కో సంపుటం పదిహేను సేర్లకి తక్కువ ఉండదట. వాటి మధ్య కూర్చుని ఆయన లోకం మరిచిపోయాడు. తోడొచ్చిన సుమతి, చుట్టుపక్కల తన శిష్యుల దగ్గరికి వెళ్లొస్తానంటే, మామూలుగా వద్దని ఆపే మనిషి ఈసారి వెంటనే సరేనన్నాడు.

లాసాలో ఒక నేపాలీ వ్యాపారి ఇంట్లో ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు. సింహళంలోని భిక్షువులు, మిత్రులు డబ్బు పంపితే ఆ డబ్బుతో పుస్తకాలు, పటాలు కొన్నాడు. ఆ పటాల్ని టిబెటన్లు తంకా అంటారు. నూలుగుడ్డని చెక్క చట్రానికి బిగదీసి కట్టి, సుద్ద, జిగురు కలిపి పూత పూసి, నున్నటి రాయితో గాజులా రుద్దుతారు. దానిమీద ముందు కొలతల గీతలు గీస్తారు. బుద్ధుడి ముఖం ఎంత, భుజం ఎంత, అరచేయి ఎంత అని అన్నిటికీ లెక్క ఉంది, చిత్రకారుడి ఇష్టం కాదు. రంగులు ఎక్కువగా రాళ్లు నూరి తీసినవి. కళ్లు చివర్లో దిద్దుతారు. అయ్యాక చుట్టూ పట్టు అంచు కుట్టి కర్రకి చుట్టేస్తారు. గుర్రం మీద, కంచరగాడిద మీద ఎంత దూరమైనా పోతుంది. చదువురాని ఊరికి కూడా చుట్ట విప్పి గోడకి కడితే బుద్ధుడి జీవితం, గత జన్మల కథలు కళ్లముందుంటాయి. మన బుర్రకథ బృందం ఊరూరా తిరిగినట్టు తంకా తిరుగుతుంది.

ఈ కళ ఆకాశం నుంచి ఊడిపడలేదు. పాల రాజుల కాలంలో నలందా దగ్గర తాళపత్రాల మీద వేసిన చిన్న బొమ్మలు, పోతపోసిన కంచు బుద్ధులు నేపాల్ మీదుగా టిబెట్ చేరాయి. నేపాల్‌లోని నేవార్ చిత్రకారులు అక్కడ విహారాల గోడలకి రంగులేశారు. తర్వాత చైనా కొండలు, మేఘాలు వచ్చి కలిశాయి. రాహుల్ దీన్ని ఊరికే చూసి ఆనందించి వదిలేయలేదు. తంకా ఎలా వేస్తారో, ఏ రంగు దేన్నుంచి తీస్తారో కూపీ లాగాడు. 1937లో ఇంగ్లీషు పత్రికలో దానిమీద వ్యాసం రాశాడు. కళ గురించి రాసేవాళ్లు భావం, రసం అంటూ గాల్లో తిరుగుతారు గానీ గుడ్డకి పూసే జిగురు సంగతి పట్టించుకోరు. ఈయన చేతిపనిని చూశాడు. యాత్రికుల కోసం తర్వాత రాసిన ఘుమక్కడ్ శాస్త్ర అనే పుస్తకంలో కూడా దేశాలు తిరగాలనుకునేవాడు ఏదో ఒక చేతిపని, ఏదో ఒక కళ నేర్చుకోవాలని ఒక అధ్యాయమే పెట్టాడు. చేతిపనిని అంటరానిదిగా చూసిన ఇంట్లో పుట్టి అక్కడిదాకా వచ్చాడు.

1930లో వందకు పైగా తంకాలు, బండెడు పుస్తకాలు కంచరగాడిదల మీద వేయించి వెనక్కి వచ్చాడు. నార్తంగ్ విహారంలో చెక్కలతో అచ్చేసిన కంజుర్, తంజుర్ కూడా వాటిలో ఉన్నాయి. ఆ ఏడాదే సింహళంలో భిక్షువయ్యాడు. బుద్ధుడి కొడుకు పేరు రాహులుడు, అది తీసుకున్నాడు. గోత్రం సాంకృత్య, దాన్నుంచి సాంకృత్యాయన్ అయ్యాడు. కులం పోయినా గోత్రం పేరులో మిగిలింది కదా అని మనవాళ్లు దెప్పుతుంటారు. దెప్పొచ్చు.

1932లో మహాబోధి సొసైటీ తరపున లండన్ వెళ్లాడు. తోడు భదంత ఆనంద్ కౌసల్యాయన్. ఆ పేరు మనకి బాగా తెలుసు. బాబాసాహెబ్ ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ గ్రంథాన్ని హిందీలోకి తెచ్చింది ఆయనే. రాహుల్ అక్కణ్నుంచి పారిస్, జర్మనీ వెళ్లి పండితుల్ని కలిశాడు. తెచ్చిన తంకాల్లో కొన్ని వెంట తీసుకెళ్లాడు, అక్కడ ప్రదర్శనకి పెట్టారు.

లండన్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ ఊళ్లోని బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి స్తూపం పలకలు నూటికి పైగా ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపితే, తర్వాత ఓడెక్కి అక్కడికి పోయాయి. కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ స్తూపానికి ఎవరు దానం చేశారో రాళ్లమీదే రాసి ఉంటుంది. అందులో ఒక శాసనం విధికుడు అనే చర్మకారుడిది. తోలుపని చేసేవాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కూతురితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడని ఉంది. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని కూడా ఉంది. చర్మకారుడి ఇంట్లో ఉపాధ్యాయుడు! ఆంధ్ర రాష్ట్ర చిహ్నంలో చూసే పూర్ణఘటం ఆ అమరావతి శిల్పం నుంచి వచ్చిందే. మ్యూజియం అంటే రాజుల కత్తులు, నగలు చూసే చోటు అనుకుని బయటే నిలబడిపోతే విధికుణ్ని కలవలేం.

మళ్లీ రాహుల్ దగ్గరికి. అప్పటికే చాలామంది తెల్ల పండితులు ఆసియా నుంచి వస్తువులు పట్టుకెళ్లారు. 1907లో ఆరెల్ స్టెయిన్ చైనా తున్‌హువాంగ్ గుహలకి వెళ్లి, కాపలా ఉన్న సాధువుకి కొంత డబ్బిచ్చి వేలకొద్దీ రాతప్రతులు, పటాలు తరలించాడు. ఈయనా టిబెట్ నుంచి తెచ్చినవాడే, మరి తేడా ఏంటి? ఒకటి, తెచ్చింది ఇంట్లో పెట్టుకోలేదు, అమ్ముకోలేదు. పూట గడవడానికి చందాలడిగే మనిషి, అమ్మితే జీవితం వెళ్లిపోయేది. పట్నాలో కాశీప్రసాద్ జయస్వాల్ అనే చరిత్రకారుడు తోడు నిలిచాడు, తంకాలు పట్నా మ్యూజియానికి చేరాయి. రెండోది, తర్వాతి ప్రయాణాల్లో దొరికిన తాళపత్రాల్లో ఎక్కువ భాగం అక్కడే ఉంచి, నకలు రాసుకుని, ఫోటోలు తీసుకుని వచ్చాడు. ఇంత చెప్పినా ఒక టిబెటన్ వచ్చి మా పటాలు మీ దగ్గరెందుకని అడిగితే మనం గట్టిగా జవాబు చెప్పలేం. అయితే 1966లో సాంస్కృతిక విప్లవం పేరుతో నార్తంగ్ విహారాన్ని, దాని అచ్చు చెక్కలతో సహా నాశనం చేశారు. చెక్కలు పోయాయి, వాటితో అచ్చేసిన పుస్తకాలు బయట దేశాల్లో బతికున్నాయి.

ఇంకో మూడుసార్లు టిబెట్ వెళ్లాడు: 1934, 1936, 1938. మొదటిసారి దొరకని సంస్కృత తాళపత్రాలు ఈసారి దొరికాయి. శాక్య, ఙోర్, శాలు విహారాల్లో మూలగదులు తెరిపించుకుని, దుమ్ములో, నూనెదీపాల మసిలో కూర్చుని కట్ట కట్టా విప్పాడు. భిక్షువులకి వాటిని చదవడం రాదు, పూజకి పెట్టుకున్నారు. ఈయన అక్షరాలు కూడబలుక్కుని చదివితే అవి ధర్మకీర్తి ప్రమాణవార్తికం, దాని వ్యాఖ్యలు, వసుబంధు అభిధర్మకోశ భాష్యం, అసంగుడి యోగాచారభూమి. ఏడు వందల ఏళ్లకి పైగా మన దేశం కళ్లచూడని పుస్తకాలు.

ధర్మకీర్తి ఏడో శతాబ్దం తర్కవేత్త. వేదాన్ని ప్రమాణమనుకోవడం, సృష్టికర్త ఉన్నాడనడం, నదిలో మునిగితే పుణ్యమనడం, కులాన్ని చూసుకుని గర్వపడటం, ఇవి తెలివి చచ్చినదానికి గుర్తులని తేల్చినవాడు ఆయన. ఆ భాగం మీద కర్ణకగోమి రాసిన వ్యాఖ్యని రాహుల్ 1943లో అలహాబాద్‌లో అచ్చేయించాడు. ఇది ఎవరో పరాయివాళ్లు నేర్పిన మాట అనేవాళ్లు మనకి రోజూ తగులుతారు. పదమూడు వందల ఏళ్ల కిందట సంస్కృతంలోనే, ఈ నేల మీదే, ఒక బౌద్ధ భిక్షువు చెప్పాడని చూపించడానికి అచ్చు పుస్తకం ఉందంటే ఆ కొండలెక్కిన కాళ్ల పుణ్యమే. పుణ్యం అనకూడదేమో, శ్రమ అందాం.

ఈ ప్రయాణాల్లో ఆయనకి దొరికిన మరో మనిషి గెందున్ ఛోఫెల్. ఆమ్దో ప్రాంతం భిక్షువు, తంకాలు వేయగలడు, ఎవర్నైనా తర్కంలో నిలదీయగలడు. 1934లో లాసాలో కలిశారు. ఇద్దరూ కలిసి విహారాలు తిరిగారు, రాహుల్ వెంట ఆయన మన దేశం వచ్చి ఏళ్ల తరబడి బౌద్ధ క్షేత్రాలు తిరిగి, టిబెటన్ల కోసం యాత్రా మార్గదర్శిని రాశాడు. రైలు టికెట్ ఎక్కణ్నుంచి ఎక్కడికో కూడా అందులో ఉంటుంది. మనం టిబెట్‌లో మన పుస్తకాలు వెతుక్కుంటుంటే, టిబెటన్ ఇక్కడికొచ్చి శిథిలాల్లో తన మూలాలు వెతుక్కున్నాడు. 1938 ప్రయాణంలో ఫోటోగ్రాఫర్‌తో పాటు కన్వల్ కృష్ణ అనే చిత్రకారుడు కూడా వెళ్లాడు.

ఆ తర్వాత కాషాయం వదిలేశాడు. సోవియట్ లెనిన్‌గ్రాడ్‌లో బౌద్ధ పండితుడు శ్చెర్బాట్‌స్కీ పిలిస్తే వెళ్లి, అక్కడ లోలా అనే ఆమెను పెళ్లాడాడు, ఇగోర్ అనే కొడుకు పుట్టాడు. వాళ్లని అక్కడే వదిలి వచ్చాడు. మళ్లీ అదే కథ. 1939లో బీహార్ అంవారీలో రైతుల పక్షాన జమీందారు పొలంలో దిగి తలకి లాఠీ దెబ్బ తిని జైలుకెళ్లాడు. కమ్యూనిస్టు అయ్యాడు. మన తెలుగువాళ్లకి ఎక్కువ తెలిసిన ఓల్గా నుంచి గంగకు కథలు జైలు గోడల మధ్య రాసినవే. పార్టీతో భాష విషయంలో పేచీ వచ్చి 1947లో బయటికి పోయాడు, తర్వాత మళ్లీ చేరాడు. మార్క్స్‌కీ బుద్ధుడికీ పొత్తు కుదురుతుందా అన్న చర్చ బాబాసాహెబ్ ఒకవైపు నుంచి చేశారు, ఈయన ఇంకోవైపు నుంచి చేశాడు. అది వేరే పుస్తకం అవుతుంది.

1959 నుంచి మళ్లీ సింహళం విద్యాలంకారలో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత జ్ఞాపకం పోవడం మొదలైంది. ముప్పై దాకా భాషలు తెలుసని పేరుపడ్డ మనిషికి అయినవాళ్ల పేర్లు గుర్తురావడం మానేశాయి. మాస్కో తీసుకెళ్లి వైద్యం చేయించారు, లాభం లేకపోయింది. 1963 ఏప్రిల్ 14న, మనం బాబాసాహెబ్ జయంతి జరుపుకునే రోజున, డార్జిలింగ్‌లో చనిపోయాడు.

ఙోర్ విహారంలో ఆయన ఫోటో తీసుకొచ్చిన అభిధర్మకోశ భాష్యం అప్పటికింకా అచ్చు కాలేదు. ఫోటోల్లో కొన్ని మసకబారి అక్షరం పట్టుకోవడం కష్టమైంది. ప్రహ్లాద్ ప్రధాన్ అనే పండితుడు వాటినే ముందు పెట్టుకుని పరిష్కరిస్తే, 1967లో పట్నాలో జయస్వాల్ పేరు మీదున్న పరిశోధనా సంస్థ దాన్ని అచ్చేసింది.